పొల్యూషన్ టెస్ట్ తప్పుతున్న పాత కారు: ముందు చీటీ చదవండి, తర్వాతే స్పానర్ పట్టండి

పాత పెట్రోల్ కారు పొల్యూషన్ టెస్టులో ఫెయిలవగానే చాలామంది చెయ్యి క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ లైన్లో ఉండి పొగలోని విషవాయువుల్ని మార్చే డబ్బా) మీదకే పోతుంది. పొగకి సంబంధించిన పార్టుల్లో అంత ఖరీదైనది ఇంకోటి దాదాపు ఉండదు, దాన్నే ముందు మారుస్తారు. నిజంగా కన్వర్టర్ చచ్చిపోయినా దాన్ని చంపింది ఇంజన్లో ఇంకేదో ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా కొత్తది బిగిస్తే అది ఒక టెస్టు గట్టెక్కిస్తుంది, తర్వాత పాతదాని దారే పడుతుంది. టెస్టు చేసినవాళ్ళు చేతిలో పెట్టే చీటీలో ఉండే నాలుగైదు అంకెలు సగం పని చేసిపెడతాయి. చీటీలో ఒకటి రెండు గ్యాసులే ఉంటే, ఐదు గ్యాసులూ చూపించే మిషన్ ఉన్న చోట ఒకసారి పెట్టించండి. అనుమానం మీద కొనే ఏ పార్టు కంటే ఆ రీడింగ్ చవక.

సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన పెట్రోలు. గాలి చాలక అక్కడ ఆగిపోయింది. హెచ్‌సీ, అంటే హైడ్రోకార్బన్లు, అసలు కాలకుండా బయటికొచ్చిన పెట్రోలు. ఈ రెంటికీ ఉన్న తేడా మనసులో పెట్టుకుంటే చాలా గందరగోళం తప్పుతుంది: సిలిండర్లో మంట పుట్టకపోతే సీఓ కూడా పుట్టదు. అందుకే ప్లగ్గు మిస్సింగ్ కొడుతుంటే హెచ్‌సీ పెరుగుతుంది కానీ ఆ సిలిండర్ నుంచి సీఓ రాదు. కార్బన్ డయాక్సైడ్ 14, 15 శాతం దగ్గరుంటే బాగా కాలుతున్నట్టు. ఆక్సిజన్ ఒక శాతం లోపు ఉండాలి. నాక్స్, అంటే నైట్రోజన్ ఆక్సైడ్లు, మంట బాగా వేడెక్కినప్పుడు, సుమారు 1370 డిగ్రీల సెల్సియస్ దాటాక, వేగంగా తయారవుతాయి.

చీటీలో లాంబ్డా అని ఒక అంకె ఉంటే అదే అన్నింటికంటే విలువైంది. ఒక కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి అందితే లాంబ్డా 1.00. ఆ అంకె తగ్గితే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ; పెరిగితే లీన్, అంటే గాలి ఎక్కువ. మిషన్ దీన్ని గ్యాసులన్నీ కలిపి లెక్కకడుతుంది. కన్వర్టర్ ఒక గ్యాసుని ఇంకో గ్యాసుగా మారుస్తుందే తప్ప పరమాణువుల లెక్క మార్చలేదు కాబట్టి, కన్వర్టర్ బాగున్నా పాడైనా లాంబ్డా ఇంజన్లోకి పోయే గాలి, పెట్రోలు మిక్చర్నే చెబుతుంది. సైలెన్సర్ లైన్లో గాలి లీకుంటే మాత్రం ఈ అంకెని నమ్మకూడదు.

మూడు చీటీలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది: సీఓ 2.8 శాతం, హెచ్‌సీ 250 పీపీఎమ్ (పది లక్షల్లో ఇన్ని వంతులు), కార్బన్ డయాక్సైడ్ 13, ఆక్సిజన్ 0.3, లాంబ్డా 0.92. ఇంజన్ రిచ్‌గా నడుస్తోంది. కన్వర్టర్ ఈ సీఓని కాల్చాలన్నా ఆక్సిజన్ మిగల్లేదు, కొత్తది పెట్టినా అంతే. సరిగ్గా లాంబ్డా 1 దగ్గర నడిచే ఇంజన్ కన్వర్టర్‌కి ముందు అర శాతం నుంచి ముప్పావు శాతం దాకా సీఓ ఇస్తుంది. కాబట్టి చీటీలో 0.6 వచ్చి లాంబ్డా 1.00 ఉంటే కన్వర్టర్ని అనుమానించడం న్యాయమే. 2.8 వచ్చినప్పుడు దాని జోలికి పోవద్దు.

రెండోది: సీఓ 0.2, హెచ్‌సీ 1100, కార్బన్ డయాక్సైడ్ 13.5, ఆక్సిజన్ 2. మంట అప్పుడప్పుడు తప్పుతోంది. ప్లగ్గు, హెచ్‌టీ వైరు (ప్లగ్గుకి కరెంటు తెచ్చేది), కాయిల్, వాల్వు, లేదా మిక్చర్ అంటుకోలేనంత లీన్.

మూడోది: సీఓ 0.1, హెచ్‌సీ 40, కార్బన్ డయాక్సైడ్ 10, ఆక్సిజన్ 7. ఇది ఇంజన్ తప్పు కాదు. మంట తప్పుతూ ఆక్సిజన్ 7 వచ్చుంటే హెచ్‌సీ వేలల్లో ఉండాలి. సైలెన్సర్‌కి కన్నం పడింది, లేదా మిషన్ గొట్టాన్ని (ప్రోబ్) సైలెన్సర్లో సరిగ్గా లోపలికి పెట్టలేదు. బయటి గాలి కలిసి అన్ని అంకెల్నీ పలచన చేసింది. కొందరు దీన్ని చూసి పాసైనట్టే అనుకుంటారు. మిషన్ పలచనైన శాంపుల్ని గుర్తుపట్టి టెస్టే చెల్లదంటుంది.

రిచ్ ఎందుకైందో వెతకడం

ఎక్కువ పని ఇక్కడే. ముందు ఐడ్లింగ్‌లో ఒక రీడింగ్, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక రీడింగ్ తీసుకోండి. ఐడ్లింగ్‌లోనే సీఓ ఎక్కువుండి రేసు చేస్తే తగ్గిపోతుంటే, ఎక్కణ్నుంచో కొంచెం పెట్రోలు దొంగతనంగా ఇంజన్లోకి పోతోంది: కారుతున్న ఇంజెక్టరు, పర్జ్ వాల్వు (ట్యాంకు ఆవిరిని ఇంజన్లోకి వదిలేది), పెట్రోలు కలిసిన ఇంజన్ ఆయిల్. రెండు చోట్లా ఎక్కువుంటే ఫ్యూయల్ ప్రెజర్, కూలెంట్ సెన్సర్, గాలిని కొలిచే సెన్సర్ వైపు చూడాలి. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ని చదివే పరికరం) పెట్టగలిగే బండైతే ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో కోస్తోందో చూడండి. షార్ట్, లాంగ్ రెండూ కలిపి ప్లస్ మైనస్ 5 లోపు ఉంటే బాగుంది, 10 దాకా సరిపెట్టుకోవచ్చు. మైనస్ 20 అంటే కంప్యూటర్ పెట్రోలు కోస్తూనే ఉంది, అయినా ఎక్కువవుతోంది.

ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టండి. ఇంజన్ వేడి మీద నడుస్తుండగా పీసీవీ వాల్వుని (ఇంజన్ లోపలి ఆవిర్లని ఇన్‌టేక్‌కి పంపేది) వాల్వ్ కవర్ నుంచి లాగి, దాని నోటికి బయటి గాలి అందేలా పట్టుకోండి. లాగిన క్షణంలో లోపలికి వచ్చే గాలి మారి అంకెలు కొంచెం ఊగుతాయి. అరనిమిషం ఆగి చూడండి. సీఓ గట్టిగా పడిపోయి అలాగే నిలబడితే ఇంజన్ ఆయిల్లో పెట్రోలు కలిసినట్టు. చిన్న చిన్న దూరాలే తిరిగే బండ్లలో ఇది మామూలు. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే పెట్రోలు కొడుతుంది, మట్టం కూడా పెరిగి ఉంటుంది. ఆయిల్, ఫిల్టర్ మార్చడమే మందు. ఆయిల్ మార్చగానే పాసైన బండి మళ్ళీ కొన్నాళ్ళకి ఫెయిలైతే, ఆయిల్లోకి పెట్రోలు దిగబెడుతున్న ఇంజెక్టరునో మిస్సింగ్ సిలిండర్నో ఇంకా పట్టుకోలేదని అర్థం.

తర్వాత ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే చార్‌కోల్ క్యానిస్టర్ నుంచి ఇన్‌టేక్‌కి వెళ్ళే పర్జ్ గొట్టాన్ని మెత్తటి ప్లయరుతో నొక్కి పట్టండి. సీఓ తగ్గితే పర్జ్ వాల్వు మూసుకోవడం లేదు. ట్యాంకుని మూతి దాకా నింపే అలవాటున్న బండ్లలో క్యానిస్టరే పెట్రోలుతో తడిసిపోయి ఉంటుంది.

ఫ్యూయల్ ప్రెజర్ రెగ్యులేటర్ ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం (రైలు) మీద ఉండే పాత బండ్లలో దాని వాక్యూమ్ గొట్టం ఊడదీసి లోపలికి చూడండి. అందులో పెట్రోలు తడి కనిపిస్తే డయాఫ్రమ్ చిరిగింది, వెతుకులాట అక్కడితో సగం ముగిసినట్టే. తడి లేకపోతే గేజ్ పెట్టండి. చాలా పోర్ట్ ఇంజెక్షన్ బండ్లలో ఐడ్లింగ్‌లో 2.5 బార్ దగ్గర ఉండి, గొట్టం తీయగానే అర బార్ దాకా పెరగాలి. మీ బండికి ఎంతుండాలో సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. గొట్టం పెట్టినా తీసినా కదలకుండా ఎక్కువే ఉంటే రెగ్యులేటర్ పట్టేసింది, లేదా ట్యాంకుకి తిరిగెళ్ళే రిటర్న్ లైను నలిగింది. ఇంజన్ ఆపాక ప్రెజర్ నిమిషాల్లోనే జారిపోతుంటే ఇంజెక్టర్లు కారుతున్నాయా, పంపు దగ్గరి చెక్ వాల్వు వదిలేస్తోందా అని విడదీసి చూడాలి.

అందరూ వదిలేసేది థర్మోస్టాట్, ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు. తెరుచుకుని ఇరుక్కుపోయిన థర్మోస్టాట్‌తో ఇంజన్ 60 డిగ్రీల దగ్గరే తిరుగుతుంటే కంప్యూటర్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. దాన్నెవరో తీసి పారేసిన బండ్లు కూడా తక్కువేం లేవు, ఇంజన్ వేడెక్కకుండా ఉంటుందని! థర్మోస్టాట్ ఉండాలి, సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. కూలెంట్ సెన్సర్ని మల్టీమీటరుతో కొలవండి: చాలా బండ్లలో వాడే రకానికి 20 డిగ్రీల దగ్గర రెండున్నర కిలో ఓమ్‌లు, 80 దగ్గర 300 ఓమ్‌ల చుట్టూ వస్తుంది. వేడి ఇంజన్ మీద కూడా వెయ్యి దాటి చూపిస్తే సెన్సర్ అబద్ధం చెబుతోంది. పిన్నుల తుప్పు కూడా రెసిస్టెన్స్ పెంచి ఇదే పని చేస్తుంది, కనెక్టర్ శుభ్రం చేయకుండా సెన్సర్ కొనకండి.

గాలిని మ్యాప్ సెన్సరుతో (ఇన్‌టేక్ లోపలి ఒత్తిడిని కొలిచేది) లెక్కించే బండ్లు వేరే రకంగా తప్పుతాయి. సెన్సర్‌కి వెళ్ళే సన్నని రబ్బరు గొట్టం పగిలితే అది ఇన్‌టేక్‌లో వాక్యూమ్ తగ్గిందనుకుంటుంది, కంప్యూటర్ బండి బరువు లాగుతోందనుకుని పెట్రోలు పెంచుతుంది. ఇంజన్ ఆఫ్‌లో ఉండి కీ ఆన్ చేస్తే సముద్రమట్టానికి దగ్గరి ఊళ్ళలో 100 కిలోపాస్కల్స్ చూపించాలి, వేడి ఐడ్లింగ్‌లో 30 నుంచి 40. గొట్టం బాగానే ఉన్నా ఐడ్లింగ్‌లో 50 దాటుతుంటే టైమింగ్ బెల్టు ఒక పన్ను జారిందేమో, ట్యాపెట్లు బిగుసుకున్నాయేమో చూడాలి.

ఇక ఆక్సిజన్ సెన్సర్, పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి రిచ్చో లీనో కంప్యూటర్‌కి చెప్పేది. పాత రకం జిర్కోనియా సెన్సర్ 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతుంటుంది, 0.45 మధ్య గీత. 300 డిగ్రీలు దాటితేనే పనిచేస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కాక 2500 దగ్గర పట్టి ఉంచితే పది సెకన్లలో కనీసం ఏడెనిమిది సార్లు అటూ ఇటూ దాటాలి. వాక్యూమ్ గొట్టం ఒకటి ఊడదీస్తే వెంటనే 0.2 కిందికి పోవాలి, ఇన్‌టేక్‌లోకి కార్బ్ క్లీనర్ చిటికెడు కొడితే 0.8 పైకి ఎగరాలి. ఈ రెండూ చురుగ్గా చేస్తే సెన్సర్ బాగున్నట్టే. అప్పుడు దాన్ని మార్చడం జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చినట్టు.

ఇక్కడొక చిక్కుంది, అనుభవమున్న మెకానిక్‌లూ పడుతుంటారు. సెన్సర్‌కి ముందు, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాల మొదలు) గ్యాస్కెట్ దగ్గర సన్న లీకుంటే, పొగ దడదడమంటూ వెళ్ళే మధ్య సందుల్లో బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్‌కి ఆ ఆక్సిజన్ కనిపించి లీన్ అంటుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. స్కానర్లో లీన్ కోడ్, టెస్టులో రిచ్ ఫెయిల్! ఒక సిలిండర్ మిస్సింగ్ కొట్టినా ఇదే జరుగుతుంది, కాలని ఆక్సిజనూ సెన్సర్ ముందుకే వస్తుంది కాబట్టి. సీఓ, హెచ్‌సీ రెండూ ఎక్కువుంటే అందుకే ముందు మిస్సింగ్ సంగతి తేల్చండి. లీకు వెతకడానికి తెల్లవారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర మందపాటి తడిగుడ్డ అదిమి పట్టమని ఒకరికి చెప్పి, మ్యానిఫోల్డ్ దగ్గర చెవి పెట్టండి. టిక్‌టిక్‌మనో బుస్సుమనో వినిపిస్తుంది. జాయింటు పక్కన నల్లటి మసి గీత ఉంటే అదే గుర్తు. ఈ పనులన్నీ ఆరుబయటే చేయాలి. సీఓకి వాసన ఉండదు, మూసిన షెడ్డులో మనిషిని పడేస్తుంది.

హెచ్‌సీ మాత్రమే ఎక్కువుంటే

ప్లగ్గులన్నీ తీసి సిలిండర్ వరసలో పెట్టండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి నల్లటి మసి రిచ్. నల్లగా జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది. తెల్లగా పొక్కినట్టుంటే లీన్ లేదా అతివేడి. నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే తప్పు అందరికీ ఉమ్మడి, ఒక్కటే తేడాగా ఉంటే ఆ సిలిండర్ సంగతి చూడాలి. గ్యాప్ ఫీలర్ గేజ్‌తో కొలవండి, 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య బండిని బట్టి ఉంటుంది. అరిగి 1.5కి చేరిన ప్లగ్గు ఐడ్లింగ్‌లో బాగానే కొడుతుంది, లోడు పడగానే తప్పుతుంది. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి హెచ్‌టీ వైర్ల మీద నీళ్ళు సన్నగా స్ప్రే చేస్తే కరెంటు కారే చోట నీలి మెరుపులు కనిపిస్తాయి. వైర్లని చేత్తో మాత్రం ముట్టుకోకండి.

ఇగ్నిషన్ బాగుంటే కంప్రెషన్. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు పంపు, కాయిల్ కరెంటు కనెక్షన్లు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం మించకూడదు. తక్కువొచ్చిన దాంట్లో ఒక టీ స్పూను ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి: పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. గ్యాసు మీద నడిచిన పాత బండ్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరిగి ట్యాపెట్ క్లియరెన్స్ తగ్గిపోతుంది. ట్యాపెట్ చప్పుడు లేదు కదా బాగానే ఉందనుకుంటారు. నిజానికి చప్పుడు చేసే ట్యాపెట్ కంటే నిశ్శబ్దంగా బిగుసుకున్నదే ప్రమాదం, వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. షిమ్మునో స్క్రూనో సర్ది క్లియరెన్స్ సరిచేస్తే, వాల్వు అప్పటికే కాలిపోయి ఉండకపోతే, హెచ్‌సీ సగానికి పైగా పడిపోవచ్చు.

వాక్యూమ్ లీకు వల్ల, అంటే ఇన్‌టేక్‌లోకి దొంగగాలి దూరి, లీనై హెచ్‌సీ పెరిగితే ట్రిమ్ ఐడ్లింగ్‌లో ప్లస్ 20 దగ్గరుండి 2500లో మామూలుకి వస్తుంది. రేసు పెంచేకొద్దీ ట్రిమ్ ఇంకా పెరుగుతుంటే లీకు కాదు, ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోయింది లేదా పంపు నీరసించింది, గాలి సెన్సర్ మురికి పట్టింది.

నాక్స్ గురించి పొడుగ్గా చెప్పేదేం లేదు. ఈజీఆర్ వాల్వుకి (కొంత పొగని తిరిగి ఇంజన్లోకి పంపి మంట వేడి తగ్గించేది) చేతిపంపుతో ఐడ్లింగ్‌లో వాక్యూమ్ ఇవ్వండి. ఇంజన్ తడబడాలి లేదా ఆగిపోవాలి. వాక్యూమ్ నిలిచినా ఏమీ కాకపోతే సాధారణంగా దారి కార్బన్‌తో పూడుకుపోయినట్టు. వాల్వు మార్చడం కాదు, ఆ దారి గోకి శుభ్రం చేయాలి. ఆ తర్వాత రేడియేటర్, ఇగ్నిషన్ టైమింగ్, పిస్టన్ మీద కార్బన్.

కన్వర్టర్ వంతు

పైవన్నీ సరిగ్గా ఉండి అంకెలు ఇంకా దిగకపోతే ఇప్పుడు దాన్ని చూడొచ్చు. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు సుత్తితో తట్టండి, గలగలమంటే లోపలి ఇటుక (గ్యాసుల్ని మార్చే సిరామిక్ దిమ్మ) విరిగింది. మూసుకుపోయిందనుకుంటే ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ కన్నంలో ప్రెజర్ గేజ్ పెట్టండి: ఐడ్లింగ్‌లో 0.1 బార్, 2500లో 0.2 బార్ దాటితే అడ్డం పడినట్టే. పనిచేస్తోందా లేదా అన్నది తేల్చేది గ్యాసే. కన్వర్టర్‌కి ముందు శాంపుల్ తీసే గొట్టం ఉన్న బండైతే ముందూ వెనకా సీఓ పోల్చండి. త్రీవే కన్వర్టర్ లాంబ్డా 0.99, 1.01 మధ్య సన్నటి సందులోనే సీఓ, హెచ్‌సీ, నాక్స్ మూడింటినీ కలిపి పట్టుకుంటుంది, కాబట్టి మిక్చర్ సరిచేయకుండా దీన్ని పరీక్షించడం వృథా. ఆయిల్ తాగే ఇంజన్లో ఫాస్ఫరస్, హెడ్ గ్యాస్కెట్ లీకైతే కూలెంట్‌లోని రసాయనాలు, అడ్డగోలుగా వాడిన సిలికాన్ సీలెంట్ దీనికి విషం. ట్యాంకులో పోసే సీసాల మందులు ఇంజెక్టర్ల మురికిని కొంత వదిలిస్తాయి, విరిగిన ఇటుకని అతికించవు.

కార్బురేటర్ బండ్లకి ఇంత చిట్టా అక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్, ఇరుక్కున్న చోక్, ఎత్తుగా ఉన్న ఫ్లోట్ మట్టం, అరిగిన నీడిల్. వీటి తర్వాతే మిక్చర్ స్క్రూ. ద్విచక్ర వాహనాల కార్బురేటర్లో స్క్రూ ఇంజన్ వైపుంటే సాధారణంగా అది పెట్రోలుది, లోపలికి తిప్పితే లీన్. ఎయిర్ ఫిల్టర్ వైపుంటే గాలిది, లోపలికి తిప్పితే రిచ్. మెల్లగా చివరిదాకా బిగించి ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్లు వెనక్కి వదిలి, అక్కణ్నుంచి మిషన్ చూస్తూ పావు చుట్టు చొప్పున సర్దండి.

టెస్టుకి తీసుకెళ్ళే రోజు

ఇరవై నిమిషాలు మంచి వేగంతో నడిపి నేరుగా మిషన్ దగ్గరికి వెళ్ళండి. కన్వర్టర్ 250, 300 డిగ్రీలు దాటితేగానీ పని మొదలుపెట్టదు, వరసలో అరగంట ఐడ్లింగ్‌లో నిలబెడితే మళ్ళీ చల్లారుతుంది. మీ వంతు వచ్చే ముందు రెండు నిమిషాలు 2500 దగ్గర పట్టండి. నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలుతో వెళ్ళకండి.

ఓబీడీ చదివే చోట అయితే ముందురోజు స్కానర్‌తో కోడ్లు చెరిపేయడం పనికిరాదు. చెరపగానే లోపలి రెడీనెస్ మానిటర్లన్నీ (కంప్యూటర్ తన పరీక్షలు పూర్తిచేసిందని చెప్పే గుర్తులు) ఖాళీ అవుతాయి, మిషన్‌కి అది కనిపిస్తుంది. బ్యాటరీ తీసినా అంతే. అవి మళ్ళీ నిండాలంటే చల్లటి స్టార్టు, నిలకడ వేగం, కాలు తీసేసి జారనివ్వడం, ఇలా కొన్ని రోజుల మామూలు వాడకం కావాలి. ట్యాంకు ఆవిరికి సంబంధించిన మానిటర్ చాలా బండ్లలో ట్యాంకు 15, 85 శాతాల మధ్య ఉంటేనే నడుస్తుంది, ఫుల్ ట్యాంకు కొట్టించి ఎదురుచూస్తే రాదు. రిపేరు అయ్యాక స్కానర్లో మానిటర్లు రెడీ అని చూసుకునే బయల్దేరండి.

డీజిల్ బండికి కొలిచేది పొగ నలుపు. ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి వచ్చే గొట్టాల పగుళ్ళు, తెరుచుకుపోయిన ఈజీఆర్, కారే ఇంజెక్టర్లు, ఈ వరసలో వెళ్ళండి. టెస్టుకి ముందు కాసేపు లోడు మీద నడిపితే పైపులో పేరుకున్న మసి ఎగిరిపోతుంది. ఆ టెస్టులో ఇంజన్ని పూర్తి రేసుకి పదే పదే ఎత్తుతారు కాబట్టి, టైమింగ్ బెల్టు గడువు దాటి ఉంటే ముందు బెల్టు మార్పించి అప్పుడు టెస్టుకి తీసుకెళ్ళండి.